ఖోండలైట్: ఒక రాతి పేరును విరిచే మూడు తీరులు
స్మారకోపన్యాస పాఠం, సీతమ్మధార, విశాఖపట్నం

ఇంగ్లీషు పెద్ద నిఘంటువుల్లో చోటు దొరికినప్పటికీ ఇంగ్లీషు మాట్లాడేవారిలో చాలామంది జన్మలో ఒక్కసారైనా పలకని మాటల్లో ఖోండలైట్ ఒకటి. భూవిజ్ఞానం చదివినవారి నోట తప్ప లండన్‌లో గానీ న్యూయార్క్‌లో గానీ ఈ మాట వినిపించదు. అయితే సీతమ్మధార వీధుల వెనుక లేచిన కొండలు, సముద్రం పక్కన కైలాసగిరి, పడమట సింహాచలం వరుస, అక్కడినుంచి అనంతగిరి, అరకు దాకా సాగిన తూర్పు కనుమల్లో పెద్ద భాగం ప్రధానంగా ఏ రాతితో ఏర్పడ్డాయో ఆ రాతికి శాస్త్రం పెట్టిన పేరు ఇదే. కెనడా దేశీయుడైన థామస్ లెనార్డ్ వాకర్ భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేసిన కాలంలో కలహండి సంస్థానపు శిలలను పరిశీలించి, 1902లో అచ్చయిన తన గ్రంథంలో ఆ కొండల్లో నివసించే ఖోండు ప్రజల పేరు మీదుగా ఈ పదాన్ని కల్పించాడు. సవరల నోటి ధ్వనిని పలికినది పలికినట్టే కాగితం మీద పెట్టడానికి జీవితంలో ఎక్కువ భాగం వెచ్చించిన గిడుగు వెంకట రామమూర్తి స్మృతిలో జరిగే ప్రసంగానికి కొండజాతి పేరు మోస్తున్న ఒక ఇంగ్లీషు మాటను విషయంగా తీసుకోవడం అసందర్భం కాదు. ఈ మాటను నోరు ఒక విధంగా విరుస్తుంది, ఊనిక మరొక విధంగా తూస్తుంది, అర్థం ఇంకొక విధంగా కోస్తుంది. ఈ మూడు కోతలూ ఒకే చోట పడవు, పడాలని కోరడం కూడా సరికాదు అన్నదే ఇక్కడ చెప్పదలచిన మాట.

పేరుకు ముందు రాతిని ఒకసారి దగ్గరగా చూడడం అవసరం, ఎందుకంటే ఈ పేరులో రాతి స్వభావం గురించి ఒక్క ముక్క కూడా లేదు. విశాఖ కొండవాలులో పగిలిన ముక్కను చేతిలోకి తీసుకుంటే పైపొర తుప్పు రంగులో ఉంటుంది. సుత్తితో కొట్టి కొత్త ముఖం తెరిస్తే బూడిద రంగు స్ఫటికశిల చారల మధ్య కందిగింజంత, ఒక్కొక్కచోట అంతకన్నా పెద్దవిగా ముదురెరుపు గార్నెట్ గింజలు, వాటి చుట్టూ పట్టుదారాల వంటి మెరుపుతో తెల్లని సిల్లిమనైట్ సూదులు, అక్కడక్కడ వేలికి నల్లగా అంటుకునే గ్రాఫైట్ రేకులు కనిపిస్తాయి. పూర్వం ఎప్పుడో నీటి అడుగున పేరుకున్న బంకమన్ను భూగర్భంలో తీవ్రమైన వేడికి, ఒత్తిడికి లోనై మారిపోగా ఏర్పడిన రూపాంతర శిల ఇది. ఎండావానలకు ఇందులోని ఫెల్డ్‌స్పార్ తెల్లని సుద్దగా, గార్నెట్‌లోని ఇనుము ఎర్రని మట్టిగా మారుతాయి; అనంతగిరి, అరకు ఎత్తుల్లో కొండశిఖరాల మీద బాక్సైట్ పొర ఏర్పడింది కూడా ఈ రాయి కుళ్లడం వల్లనే. కోణార్క ఆలయంలో వాడిన ప్రధానమైన రాళ్లలో ఇది ఒకటి. ఆ శిల్పాలు సముద్రపు గాలికి అరిగిపోవడానికి రాతికున్న ఈ కుళ్లే గుణమూ ఒక కారణం. ఇంత చరిత్ర ఉన్న రాతికి వాకర్ దాని రంగును బట్టో ఖనిజాలను బట్టో కాక అక్కడి మనుషులను బట్టి పేరు పెట్టాడు.

మాటను విరవడం అనే పనికి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కొలతలు వేరు. ఒక్క ఊపిరి తోపుతో, ఒక అచ్చును కేంద్రంగా చేసుకుని నోరు పలికే తునకను భాషాశాస్త్రం అక్షరం అంటుంది. ఇంగ్లీషువారి సిలబుల్ ఇదే. తెలుగు లిపిలో అక్షరం అంటే రాతలోని గుర్తు అని కూడా అర్థం ఉండడం వల్ల చిక్కు వస్తుంది. ఈ పేట పేరునే తీసుకుంటే, సీతమ్మధార అన్న మాటను లిపి సీ, త, మ్మ, ధా, ర అని అయిదు గుర్తులుగా చూపుతుంది. నోరు మాత్రం సీ, తమ్, మ, ధా, ర అని పలుకుతుంది. ద్విత్వంలోని మొదటి మకారం రాతలో తరువాతి గుర్తుకు, ఉచ్చారణలో ముందరి అక్షరానికి చెందుతుంది. ఛందస్సు ఈ రెంటిలో నోటినే నమ్మింది; ద్విత్వానికి ముందున్న తకారాన్ని గురువుగా లెక్కించడానికి కారణం ఆ మకారపు బరువు దాని మీద పడడమే. అర్థాన్ని బట్టి కోస్తే ఈ మాట సీతమ్మ, ధార అని రెండే తునకలు అవుతుంది. అర్థం గల, ఇంకా విరిస్తే అర్థం చెడిపోయే ఇటువంటి తునకకు పదాంశం అని పేరు. మాధవధార, సింహాచలం గంగధార అన్న పేర్లలోనూ రెండో పదాంశం ఇదే. కొండవాలున రాతి నెరియల గుండా ఊరే నీటికి ఇక్కడివారు పెట్టుకున్న మాట అది.

ఇక ఖోండలైట్ సంగతి. ఇంగ్లీషు నిఘంటువులు దీన్ని మూడు అక్షరాలుగా విరుస్తాయి: ఖొన్, డ, లైట్ అనే తునకల మధ్య చుక్కలు పెడతాయి. ఈ చుక్కలను ఉచ్చారణకు ఆజ్ఞలుగా భావించేవారు చాలామంది ఉన్నారు గానీ, అవి మొదట ఉద్దేశించినది అచ్చుపనివారికి; పంక్తి చివర చోటు చాలనప్పుడు మాటను ఎక్కడ తెంచి గీత పెట్టవచ్చో చెప్పడానికి. ఆ తెంపు విషయంలో ఇంగ్లీషు దేశాల మధ్యనే ఏకాభిప్రాయం లేదు. అమెరికా అచ్చుశాలలు ఎక్కువగా ఉచ్చారణను అనుసరిస్తే, బ్రిటన్ అచ్చుశాలలు మాట పుట్టుకను గౌరవించడానికి మొగ్గు చూపాయి. ఖోండలైట్‌లో ఈ తగవు పైకి కనిపించదు. చార్నొకైట్‌లో కనిపిస్తుంది. కలకత్తా నగర స్థాపకుడిగా పేరు పొందిన జాబ్ చార్నాక్ సమాధిమీది రాయి మద్రాసు దగ్గరి పల్లావరం రాయి జాతిదని గుర్తించిన థామస్ హెన్రీ హాలండ్ 1893లో ఆ రాతికి అతని పేరు తగిలించాడు. విశాఖ మన్యంలోనూ ఖోండలైట్‌ను ఆనుకుని ఈ రాయి విరివిగా ఉంది. అర్థాన్ని బట్టి ఈ మాట చార్నాక్, ఐట్ అని విరగాలి. నోరు మాత్రం కకారాన్ని వెనుక విడిచిపెట్టదు. చార్, నొ, కైట్ అంటుంది. రెండు అచ్చుల మధ్య హల్లు చిక్కుకున్నప్పుడు అది తరువాతి అచ్చుతో చేరడం దాదాపు అన్ని భాషలకూ సహజమైన అలవాటు. మొదలు, ఇతడు కలిసి మొదలితడు అయినట్టు, ఉకారం పోయి దాని ముందరి హల్లు తరువాతి అచ్చును పట్టుకునే తీరు తెలుగు సంధిలో నిత్యం చూసేదే.

ఊనిక అన్నది తెలుగువారికి పరాయి విషయం. ఒక మాటలో ఒక అక్షరాన్ని తక్కినవాటికన్నా గట్టిగా, కాస్త ఎత్తుగా, కాస్త సాగదీసి పలకడం ఊనిక. ఇంగ్లీషులో అది మాటలో అంతర్భాగం, అది తప్పితే మాట గుర్తు తెలియనంతగా మారిపోవచ్చు. తెలుగులో అర్థాన్ని మార్చేది అచ్చు పొడవు, హల్లు ద్విత్వం. కల వేరు, కల్ల వేరు, పాడు వేరు, పడు వేరు. ఊనికను ఎక్కడ వేసినా తెలుగు మాట అర్థం మారదు. ఖోండలైట్‌లో ఇంగ్లీషువారు ప్రధానమైన ఊనికను మొదటి అక్షరం మీద వేస్తారు, చివరి లైట్ మీద రెండో తరగతి ఊనిక నిలుస్తుంది, నడుమనున్న అక్షరం ఊనిక లేక నలిగిపోతుంది. అలా నలిగిన అచ్చు అకారమూ కాదు, ఎకారమూ కాదు. నాలుక ఎటూ ప్రయాసపడకుండా నోటి నడుమ ఉండగా వెలువడే అస్పష్టమైన ధ్వని. తెలుగు వర్ణమాలలో దానికి గుర్తు లేదు. అందుకని తెలుగువారు దాన్ని నిండు అకారంగా పలుకుతారు. దీన్ని ఉచ్చారణ దోషంగా లెక్కకట్టే పాఠాలు ఉన్నాయి, అవి అనవసరంగా కఠినంగా ఉన్నాయి. నిండుగా పలికిన అకారం వల్ల ఏ భూవిజ్ఞాన సదస్సులోనూ రాయి మారిపోదు.

అయితే ఊనికను గురులఘువుల కొలతతో పక్కపక్కన పెట్టి చూస్తే చిత్రమైన పొందిక కనిపిస్తుంది. ఖోం గురువు, డ లఘువు, లైట్ గురువు; గురు లఘు గురువులు కలిస్తే రగణం. ఇంగ్లీషు ఊనికల వరస బలం, బలహీనం, ఉపబలం. చార్నొకైట్ కూడా రగణమే, అందులోని ఊనికల వరసా ఇదే. సిల్లిమనైట్‌ను విరిస్తే సిల్, లి, మ, నైట్: భగణం మీద గురువు, ఇంగ్లీషులోనూ మొదటిదానిమీద ప్రధానమైన ఊనిక, చివరిదానిమీద రెండోది. ఈ పొందికను సిద్ధాంతంగా చెప్పడం తొందరపాటు అవుతుంది. గురువు కాలానికి కొలత, ఊనిక బలానికి గుర్తు, రెండూ ఒకటి కావు. ఆ తేడా బయటపడేది కోడూరు దగ్గర.

విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి ప్రాంతంలో ఉన్న కోడూరు గనుల్లో 1890ల తొలినాళ్లలోనే మాంగనీసు తవ్వకం మొదలైంది; భారతదేశంలో మాంగనీసు పరిశ్రమకు నాంది అక్కడే. అప్పట్లో అది విశాఖపట్నం జిల్లా. లూయిస్ లీ ఫెర్మర్ 1909లో ప్రచురించిన బృహద్గ్రంథంలో అక్కడి విలక్షణమైన శిలను తాను పెట్టిన కోడురైట్ అన్న పేరుతో వర్ణించాడు. తెలుగువారికి ఊరిపేరు నడిమి దీర్ఘంతోనే ప్రాణం పోసుకుంటుంది: కో, డూ, రు. ఆ దీర్ఘాన్ని నిలబెట్టుకుని పలికితే కోడూరైట్ అవుతుంది, మూడూ గురువులే, మగణం. ఇంగ్లీషు అలవాటు మొదటి అక్షరాన్ని ఎత్తి, నడిమిదాన్ని నలిపి, ప్రత్యయాన్ని మళ్లీ ఎత్తుతుంది కాబట్టి మగణం కాస్తా రగణం అయి కూర్చుంటుంది. ఈ రాతి పేరును రాసే రోమన్ వర్ణక్రమంలో కోడూరు దీర్ఘం కనిపించదు. అందుచేత ఈ ఊరు ఎక్కడో తెలియని చదువరి దీర్ఘాన్ని ఊహించలేడు. తెలుగు పుస్తకాలు మాత్రం కోడూరైట్ అని దీర్ఘంతో రాయడమే న్యాయం. ఊరు ఇక్కడ ఉంది, పేరు పలికేవారు ఇక్కడ ఉన్నారు.

రోమన్ లిపి చేసే అల్లరిలో హకారానిది పెద్ద పాత్ర. సీతమ్మధార పేరును దుకాణాల బోర్డుల మీద ఇంగ్లీషులో రాసినప్పుడు టి పక్కన ఒక హెచ్, డి పక్కన ఒక హెచ్ వస్తాయి. మొదటి హెచ్ అక్కడ ఉన్నది దంత్యమైన తకారమని, టకారం కాదని చెప్పడానికి; రెండోది నిజంగానే ధకారపు మహాప్రాణాన్ని చూపడానికి. ఒకే పేరులో ఒకే గుర్తు రెండు వేర్వేరు పనులు చేస్తోంది. ఖోండులో కె పక్కనున్న హెచ్ ఏ పనీ చేయదు. ఇంగ్లీషులో మాట మొదట వచ్చే కకారంతో సహజంగానే కొంత ఊపిరి వెలువడుతుంది, హెచ్ ఉన్నా లేకున్నా ఆ ఊపిరిలో మార్పు ఉండదు. అచ్చమైన ద్రావిడ పదాల్లో ఒత్తులకు చోటు లేదు. ఒడియాలో ఈ జాతి పేరు కంధ, అందులో మహాప్రాణం ఉన్నది మాట చివర. మొదటి అక్షరానికి ఖకారపు ఒత్తును సమర్థించే సాక్ష్యం ఇంగ్లీషు నోటిలోనూ లేదు, ద్రావిడ పదాల తీరులోనూ లేదు, ఒడియా రూపంలోనూ లేదు. అది దొరల కచేరీ కాగితాల్లో స్థిరపడిన వర్ణక్రమం, అంతే. నడిమి హల్లు ప్రయాణం మరో రకం. తెలుగు కొండలోని డకారం మూర్ధన్యం, నాలుక కొనను పైకి మడిచి పలికేది. ఇంగ్లీషువారి డి దంతమూలం దగ్గర పుడుతుంది, అంటే తెలుగు దకారానికీ డకారానికీ నడుమ. డాక్టరు, డజను వంటి మాటల్లో మాదిరిగానే తెలుగు చెవి దాన్ని డకారంగానే అందుకుంటుంది కనుక ఇంగ్లీషు చుట్టి వచ్చిన పేరు తెలుగులో మళ్లీ మూర్ధన్యమై స్థిరపడింది.

అర్థాన్ని బట్టి విరవడంలోనే ఈ మాట అసలు గడుసుతనం ఉంది. ఖనిజాలకూ శిలలకూ చివర చేర్చే ఐట్ ప్రత్యయం గ్రీకు నుంచి లాటిన్ మీదుగా వచ్చింది. నెత్తురు వర్ణపు రాయి అన్న అర్థంలో గ్రీకులు వాడిన హైమతితేస్ నేటి హెమటైట్‌కు మూలం. రాయి అని అర్థమిచ్చే గ్రీకు లిథోస్ నుంచి ఫ్రెంచి మీదుగా లైట్ అన్న మరో ప్రత్యయం వచ్చింది. ఖోండలైట్ చివర ఈ రెంటిలో ఏది ఉన్నట్టు? ఐట్ అనుకుంటే ముందు ఖోండల్ మిగులుతుంది, అటువంటి జాతి గానీ ఊరు గానీ లేదు. లైట్ అనుకుంటే ఖోండ మిగులుతుంది, ఖోండు రాయి అన్న అర్థం పొసగుతుంది, అకారం ఒక్కటే అదనం. ఏ విధంగా చూసినా జాతి పేరుకూ ప్రత్యయానికీ నడుమ ఎవరూ పిలవని ధ్వని ఒకటి వచ్చి చేరింది. తెలుగు వ్యాకరణం ఇటువంటి చేర్పును ఆగమం అంటుంది. నుగాగమం, టుగాగమం, రుగాగమం బాలవ్యాకరణం చదివినవారికి పరిచితాలే. ఆగమం లేకుండా పేరు కుదరదా అంటే కుదురుతుంది, సాక్ష్యం కూడా ఉంది: అదే 1909 గ్రంథంలో ఫెర్మర్ మధ్యపరగణాల్లో దొరికిన, మాంగనీసు గార్నెట్టూ స్ఫటికశిలా కలిసిన మరో రాతికి గోండుల పేరు పెట్టి గొండైట్ అన్నాడు. గోండు, ఐట్, నడుమ ఏమీ లేదు. నోరు దాన్ని గొన్, డైట్ అని విరిచి జాతి పేరు చివరి హల్లును ప్రత్యయానికి అప్పగించింది. ఖోండలైట్‌లో మాత్రం డకారం తనకంటూ ఒక అచ్చును సంపాదించుకుని నడుమ స్వతంత్రంగా నిలిచింది. వాకర్ చెవికి ఖొండైట్ నచ్చకపోయి ఉండవచ్చు. నచ్చి ఉంటే మాట రెండక్షరాలకే పరిమితమయ్యేది, పైన చెప్పిన రగణమూ ఉండేది కాదు.

ఫెర్మర్‌కు మాటలు కుట్టడం సరదా కాబోలు. కోడురైట్‌లోని గార్నెట్ స్పెస్సార్టైట్, ఆండ్రడైట్ అనే రెంటి కలయిక కాబట్టి మొదటిదాని తలకు రెండోదాని తలను అతికి, చివర ఐట్ తగిలించి స్పాండైట్ అన్నాడు. ఆ రెండు తలలకూ విడిగా ఏ అర్థమూ లేదు. పదాంశాల కోత అక్షరాల కోతను గానీ పుట్టుకను గానీ లెక్కచేయనక్కర్లేదని దీనికన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ అరుదు. బాక్సైట్ కథ ఇంకా వింతైనది. ఫ్రాన్సులోని లె బో గ్రామం పేరు చివర ఎక్స్ అన్న అక్షరం ఉంది గానీ ఫ్రెంచివారు దాన్ని పలకరు. ప్రత్యయం చేరగానే మూగగా పడి ఉన్న అక్షరం నోరు విప్పింది. అరకు కొండల గురించి మాట్లాడే ప్రతివారూ పలుకుతున్న ఆ క్సకారం అసలు ఊరిలో ఎవరూ పలకనిది.

చైనా ఉత్తరభాగంలో, ఇన్నర్ మంగోలియా ప్రాంతంలో ఇటువంటి శిలల పట్టీ ఒకటి ఉండడంతో ఈ మాట అక్కడికీ వెళ్లింది. చైనావారు మొదటి అక్షరాన్ని తమకు పలికిన తీరులో కొంగ్ అని ఉంచుకుని, నడుమ జి అనే ధ్వనిని పెట్టి, గ్రీకు ప్రత్యయాన్ని పూర్తిగా తీసివేసి రాయి అని అర్థమిచ్చే తమ యెన్‌ను చివర పెట్టుకున్నారు. చివరి తునకను ప్రత్యయంగా గుర్తించి దాని చోట తమ మాటను నిలపడం, నిఘంటువు చుక్కలకన్నా మేలైన పదాంశ విభజన. తెలుగులో ఖోండలైట్ శిల అని రాయడం అలవాటైంది; రాయి అన్న అర్థం అందులో రెండుసార్లు వస్తోందని గమనించేవారు తక్కువ.

ఇంతకూ ఈ పేరుకు మూలమైన ప్రజలు తమను తాము ఖోండులు అనుకోరు. వారి భాషలు కుయి, కువి. తెలుగుతోపాటు దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినవి. ఇంగ్లీషు ప్రభుత్వ కాగితాల్లోకి ఖోండు అన్న పేరు బలంగా చొచ్చుకుపోయింది నరబలిని అణచడానికి 1845లో ఏర్పరచి 1861లో ఎత్తివేసిన మెరియా ఏజెన్సీ కాలంలో. ఆ పేరును కొండ అన్న ద్రావిడ పదంతో ముడిపెట్టడం పరిపాటి. ఆ ముడి నిజమైనా ఖోండలైట్‌ను కొండ, లైట్ అని విరిచి కొండవెలుగు అనుకోవడం మాత్రం సరదాకే పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాలో ఒకే పద్దు కింద కోంధ్, కోడి, కోధు, దేశయ, డోంగ్రియా, కుట్టియ, కువింగ వంటి పేర్లు వరసగా ఉన్నాయి. పొరుగువారు పెట్టిన పేర్లతోపాటు, వారు తమకు తాము పెట్టుకున్న కువింగ కూడా అందులో చివరగా చోటు చేసుకుంది.

ఈ కొండల భాషలను వినడానికి కూర్చున్నవారూ ఉన్నారు. సాలూరులో ఉండి మతప్రచారం చేసిన షుల్జె 1911లో కువి వ్యాకరణాన్ని ప్రచురించాడు. గిడుగు రామమూర్తి సవరభాషా వ్యాకరణాన్ని 1931లోనూ, సవర ఇంగ్లీషు నిఘంటువును 1938లోనూ వెలువరించారు. సవర కువికి చుట్టం కాదు, ముండా కుటుంబపు భాష, గొంతు బిగించి పలికే అచ్చులు అందులో ఉన్నాయి, వాటికి తెలుగులో గానీ ఇంగ్లీషులో గానీ గుర్తు లేకపోతే ఆయన ఏర్పరచుకున్నారు. లిపిలో లేదు కాబట్టి ధ్వని లేనట్టే అనుకోవడం ఆయనకు సమ్మతం కాలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి కొండ లేక కూబి భాషపై 1969లో గ్రంథం ప్రచురించారు; అంతకు ముందే ఆయన ఆధ్వర్యంలో మొదలైన మాండలిక వృత్తి పదకోశం, పనిచేసేవారి దగ్గరకు వెళ్లి వారు వాడే మాటను వారి నోటినుంచే ఎత్తి రాసుకునే పద్ధతిని తెలుగులో నిలబెట్టింది.

ఆ పద్ధతినే ఈ రాతి విషయంలోనూ పాటించవలసి ఉంది. ఖోండలైట్ అన్న వర్ణక్రమం పుస్తకాల్లో పాతుకుపోయింది, దాన్ని పెకలించనక్కర్లేదు. అయితే తెలుగు మాధ్యమపు భూవిజ్ఞాన వాచకాల్లో ఈ మాట మొదటిసారి వచ్చినచోట కొండలైట్ అన్న ఉచ్చారణను, మొదటి అక్షరం మీది ఊనికను, కువి ప్రజల ప్రస్తావనను ఒక పంక్తిలో చేర్చాలి. కోడూరైట్‌కు దీర్ఘం తిరిగి ఇవ్వాలి. పాడేరు, అరకు, అనంతగిరి మండలాల్లో పనిచేసే ఉపాధ్యాయులు, విశాఖలో భాషాశాస్త్రమూ భూవిజ్ఞానమూ చదివే విద్యార్థులు కలిసి, పోడు చేసుకుంటూ ఈ రాతిమీద తరతరాలుగా నడిచిన కువివారు ఎర్రగింజల రాయిని, మెత్తబడిన సుద్దరాయిని, వేలికి అంటుకునే నల్లరేకును తమ భాషలో ఏమంటారో అడిగి, విన్నది విన్నట్టే రాసి, నిఘంటువు పనివారికి అందజేయాలి.